ఎదురు కత్తి

వచ్చే వారం మా పాపకు పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నారు. "తీయిస్తున్నాం" అని రాయాలి నిజానికి. కానీ ఆ నిర్ణయం ఎప్పుడు జరిగిందో, ఆ సమయానికి నేను ఏ గదిలో ఉన్నానో నాకే తెలియదు. ఇంటి దగ్గరే చేయించాలట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలట. గుండు నున్నగా మెరవాలట. మా అత్తయ్య గారైతే, "రెండుసార్లు గీయించాలమ్మా, అప్పుడే జుట్టు ఒత్తుగా వస్తుంది" అని పొద్దున ఒకసారి, పాపకు అన్నం పెట్టేటప్పుడు ఒకసారి చెబుతున్నారు. జుట్టు మొలిచేది చర్మం లోపల, పైన ఎన్నిసార్లు గీసినా దానికి తెలియదండీ అంటే, "మీ ఆయనకు అలాగే చేయించాం" అంటారు. మా ఆయన నెత్తి వైపు చూసి నేను ఊరుకుంటాను.

పాప నిద్రపోయింది. నాకు నిద్ర రావడం లేదు. ఆ మెత్తటి నెత్తి మీద కత్తి రెండుసార్లు నడవడం కళ్లు మూసినా కనిపిస్తోంది. చర్మం గురించి, కత్తి గురించి ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసినదాన్ని నేనే. నన్ను తప్ప అందరినీ అడిగారు. కాబట్టి నాకు తెలిసింది, ఈ పనిలోకి కొత్తగా వచ్చే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ చెబుతాను. మీరైనా చదవండి.

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. ల్యాబ్ ఉద్యోగం దొరకలేదు. చర్మ సంరక్షణలో ఒక కోర్సు చేసి, విజయవాడలో ఏలూరు రోడ్డు మీద ఒక మగవాళ్ల సెలూన్‌లో చేరాను. అక్కడ పాతకాలం మడత కత్తితో గడ్డం గీయడం పెద్ద ప్రత్యేకత. కత్తి పట్టేది మాస్టర్. కత్తి పట్టేలోపు ముఖాన్ని సిద్ధం చేసేది నేను. ఓనర్ గారు నాకు "స్కిన్ ఎక్స్‌పర్ట్" అని పేరు పెట్టారు. మా అమ్మ చుట్టాలందరికీ "స్కిన్ హాస్పిటల్లో చేస్తోంది" అని చెప్పుకునేది.

పని చిన్నదే. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు తీగలా గట్టిగా ఉంటుంది. నీళ్లు పీల్చుకుంటే మెత్తబడుతుంది. అందుకని ముందు జిడ్డు పోయేలా కడగాలి. వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు ముఖానికి చుట్టి కాసేపు ఉంచాలి. చుట్టేముందు మణికట్టు లోపలి వైపు తాకించి వేడి చూసుకోవాలి. తర్వాత రెండు చుక్కల నూనె. ఆపైన బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ నురగను వెంట్రుకల మొదళ్లలోకి ఎక్కించాలి. అప్పుడు కత్తి, వెంట్రుక ఎటు వాలి ఉంటే అటు. ఇంతే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కాసేపు కదలకుండా కూర్చునే మనిషి ఉంటే చాలు. అద్దం ముందు కూర్చున్న విజయవాడ మగవాడు మాత్రం కదలకుండా కూర్చోడు.

మే నెలలో అయితే మరీ. ఒకాయన తువ్వాలు చూడగానే కుర్చీలోంచి సగం లేచారు.

"వేడి తువ్వాలా? మేడమ్, ఇప్పుడే బందరు రోడ్డు నుంచి బండి మీద వచ్చాను. నా ముఖం ముట్టుకుని చూడండి. దీనికన్నా వేడి తువ్వాలు ఉందా మీ దగ్గర?"

ఎండ వేడి చర్మాన్ని ఆరబెడుతుంది, తడి వేడి నానబెడుతుంది అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఏసీ పెంచమనేవారు. ఆ చలికి చర్మం బిగుసుకుని రోమాలు నిక్కబొడుచుకునేవి, నేను చేసిందంతా వృథా. తువ్వాలు చుట్టగానే ఫోన్ మోగేది. తువ్వాలు పైకెత్తి "హలో, ఎక్కడున్నావురా?" అనేవారు. నేను మళ్లీ చుట్టేదాన్ని. మళ్లీ మోగేది.

ఇక మాస్టర్. ఆయనకు యాభై దాటాయి. చేయి ఎంత తేలికో నోరు అంత దురుసు. నన్ను "మేడమ్" అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం తప్ప అన్నీ వినిపించేవి.

"నానబెట్టడం అయిందా మేడమ్? ఇంకా పప్పు రుబ్బాలా?"

చిన్న గాటు పడిందంటే తప్పు నాది: "సరిగ్గా నానలేదు." నేను ఊరుకునేదాన్ని కాదు: "బ్లేడు మార్చారా?" ఆ కత్తికి సగం బ్లేడు తొడుగుతారు, ప్రతి మనిషికీ కొత్తది. గీయడం అయ్యాక మాస్టర్ కత్తిని నా ముందుకు చాపితే, నేను వాడిన బ్లేడు తీసి డబ్బాలో పడేసేదాన్ని. ఆ పని ఎవరికీ వదిలేదాన్ని కాదు. మైక్రోబయాలజీ చదివినందుకు ఆ దుకాణంలో నాకు మిగిలిన అధికారం అదొక్కటే.

మాకు ప్రతి రోజూ గొడవ వచ్చేది ఎదురు కత్తి గురించి. వాలుగా ఒకసారి గీశాక, మళ్లీ నురగ పెట్టి కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా గీయడాన్ని ఎదురు కత్తి అంటారు. అలా గీస్తే చెంప నున్నగా జారిపోతుంది. చాలామంది చర్మం దాన్ని తట్టుకుంటుంది. కొందరికి మాత్రం వెంట్రుక చర్మం కంటే లోతుగా తెగి, మళ్లీ పెరిగేటప్పుడు బయటకు రాలేక లోపలే మెలి తిరిగి పుండవుతుంది. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. అడగకుండా ఎదురు కత్తి వేయొద్దని నేను. "గీయించుకున్నవాడు బయటకు పోతూ చెంప నిమురుకుంటాడు మేడమ్, అక్కడ గరుకు తగిలితే మళ్లీ రాడు" అని ఆయన.

అలాంటి చర్మం ఉన్న మనిషే ఒక వేసవిలో మా దగ్గరకు వచ్చారు. కొల్లేరు వైపు చేపల వ్యాపారం చేసే కుటుంబం. మంచి ఒడ్డూ పొడుగూ, ఒత్తుగా ఉంగరాలు తిరిగిన గడ్డం, ఆ గడ్డం వెనక చాలా నెమ్మదైన గొంతు.

"పెళ్లి కుదిరిందండి. గడ్డం తీసేయాలంట."

"మీకిష్టమేనా?"

"నా ఇష్టం ఎవరడిగారండీ? మా మేనత్త మాట. మా ఇంట్లో గడ్డంతో పీటల మీద కూర్చున్నోళ్లు లేరంట."

తల పైకెత్తి, దవడ కింద గడ్డం పాయ తీసి చూపించారు. అక్కడ చింతగింజంత ముద్ద, నున్నగా, గట్టిగా. ఎప్పుడో స్నేహితుడి పెళ్లికి వేరే చోట ఎదురు కత్తి వేయించుకున్నారట. మెడంతా పుళ్లు లేచాయి. మిగతావి మానాయి గానీ ఇది ఇలా ఉబ్బి ఉండిపోయింది. చర్మం డాక్టర్ చూసి, మీ తత్వానికి గాయం అయిన ప్రతి చోటా ఇలాగే మిగలొచ్చు, ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి, తప్పదంటే వాలుగా ఒక్కసారే గీయించుకోండి అన్నారట.

"ఈ ముద్ద గురించి ఆ అమ్మాయికి చెప్పానండి. ఫోన్‌లోనే చెప్పాను. పర్లేదంది." గడ్డం పాయను మళ్లీ సర్దుకున్నారు. "పెళ్లయిన పది రోజులకి ముఖమంతా ఇవే లేస్తే అప్పుడూ పర్లేదంటుందా?"

మాస్టర్ వచ్చి ఆ దవడను వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో నెమ్మదిగా తడిమి చూశారు. ఆ రోజు ఆయన నోట జోకు రాలేదు.

"ఒక్క కత్తే. ఎదురు ముట్టను."

ఆ దుకాణంలో మేమిద్దరం ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

పెళ్లికి ఇంకా రెండు వారాలుంది. నేను పెళ్లికొడుక్కి ఒకటే చెప్పాను. గడ్డం ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసుకోండి. రెండు పూటలా మామూలు సబ్బుతో కడుక్కోండి. రాత్రి కాస్త కొబ్బరి నూనె. ఇంకేమీ రాయొద్దు. చర్మం నిమ్మళంగా ఉంటేనే కత్తి దాని మీద నిమ్మళంగా పోతుంది. ఆయన బుద్ధిగా తలూపారు.

నాలుగు రోజుల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఏం రాశారు?"

"నేనేం రాయలేదండి. మా పిన్ని నిమ్మకాయ, పంచదార కలిపి రుద్దింది."

"ఎందుకు?"

"తెల్లబడాలని."

సరే, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ తర్వాతి సారి ముఖం మీద పొట్టు లేస్తోంది. ఈసారి వదిన గారు ఏదో బ్లీచ్ తెచ్చారట. "వద్దని చెప్పలేకపోయారా?" అంటే, "నిద్రపోతుంటే రాశారండీ" అన్నారు. ఒక మనిషి ముఖం మీద ఇంత మందికి హక్కు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తల్లినయ్యాక బాగా తెలిసింది.

ఇక లాభం లేదని మేనత్త గారి నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. ఆవిడది చల్లపల్లి. గొంతు ఫోన్ అవసరం లేకుండానే విజయవాడ దాకా వినపడేలా ఉంది. పెళ్లిరోజు పొద్దున ముందు మా దగ్గర గడ్డం పని కావాలని, ఆ తర్వాతే నలుగు పెట్టాలని, అది కూడా ముఖం వదిలేసి ఒంటికి మాత్రమే పెట్టాలని బతిమాలాను. నలుగుపిండితో గట్టిగా రుద్దితే పైపొర లేచిపోతుంది, ఆ చర్మం మీద కత్తి పడితే మంట, పుండు అని విడమరిచి చెప్పాను.

"ముఖానికి పెట్టకుండా నలుగేంటమ్మా? రేపు ఫోటోల్లో ముఖం కనపడుద్దా, వీపు కనపడుద్దా?"

"ముఖమేనండీ. అందుకే చెబుతున్నా."

"నీకు పెళ్లయిందా?"

"లేదండీ."

"అదీ సంగతి. అయ్యాక తెలుస్తుందిలే. సరే, ముఖం ముట్టుకోం. సరేనా? పెట్టెయ్యి మరి, బోల్డంత పనుంది."

నేను నమ్మాను.

పెళ్లిరోజు పొద్దున దుకాణం తెరిచి, తువ్వాళ్లు వేడికి పెట్టి ఎదురు చూస్తున్నాను. రెండు కార్లు ఆగాయి. ముందు మేనత్త గారు దిగారు, వెనక పిన్ని గారు, వదిన గారు, ఇంకెవరో ఇద్దరు బావలు. చివర్న పెళ్లికొడుకు. బుగ్గన దిష్టిచుక్క. చెవుల వెనక నుంచి గొంతు దాకా పసుపు, సున్నిపిండి ఎండిపోయి పెచ్చులు కట్టాయి. కళ్లు మాత్రం పాపం, క్షమాపణ అడుగుతున్నట్టు ఉన్నాయి.

"అయ్యగారు ముహూర్తం గంట ముందుకు జరిపారమ్మా. మంచి ఘడియలని ముందే నలుగు కానిచ్చేశాం" అన్నారు మేనత్త గారు.

"ముఖం ముట్టుకోం అన్నారు కదండీ?"

"కొంచెమే పెట్టాం."

ఓనర్ గారు అప్పటికే చేతులు నలుపుకుంటూ తిరుగుతున్నారు. వచ్చింది పెళ్లివారు, గడ్డాలు గీయించుకోవాల్సిన బావలు ఇంటి దగ్గర ఇంకా పదిమంది ఉన్నారు. "తొందరగా అమ్మా, తొందరగా" అంటున్నారు.

నేను తొందరపడలేదు. ఆ పిండిని రుద్ది తీస్తే ఉన్న చర్మం కూడా వస్తుంది. గోరువెచ్చని నీళ్లు దోసిలితో పోసి పోసి నాననిచ్చాను. పెచ్చులు వాటంతటవే జారే దాకా ఆగాను. కింద చర్మం గులాబీ రంగులో ఉంది. వేడి తువ్వాలు పనికిరాదు, నులివెచ్చనిదే చుట్టాను. వెనక నుంచి మేనత్త గారు, "ఏంటి, పిల్లోడికి జ్వరమా, తడిగుడ్డ వేస్తోంది?" అన్నారు. అందరూ నవ్వారు. తువ్వాలు కింద నుంచి పెళ్లికొడుకు కూడా నవ్వారు. కదలొద్దని ఆయన భుజం మీద తట్టాను.

నూనె రాశాను. నురగ పెట్టాను. ఎంతో సేపు బ్రష్ తిప్పాను. "రుబ్బడం అయిందా?" అని మాస్టర్ అడగలేదు. కత్తి తెరిచి పక్కన నిలబడ్డారు.

ఆయన గీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కత్తికి బరువు ఇవ్వలేదు. ఎడమ చేత్తో చర్మాన్ని కొంచెం కొంచెంగా సాగదీస్తూ, వెంట్రుక వాలిన దారినే పోయారు. మెత్తబడ్డ గడ్డం సన్నగా గరగరమంటూ రాలింది. దవడ కింద ముద్ద దగ్గర ఊపిరి బిగబట్టింది నేను. ఆయన దాని చుట్టూ తిరిగి వెళ్లిపోయారు. చల్లటి తువ్వాలు వేసి తీస్తే ఎక్కడా చుక్క రక్తం లేదు. గడ్డం నీడ మాత్రం లేత నలుపుగా మిగిలింది, అంతే.

నేను ఇంకా ఊపిరి వదల్లేదు, మేనత్త గారు వచ్చి చెంప మీద చెయ్యి వేశారు. వేయడం కూడా కింది నుంచి పైకి.

"గరుగ్గా ఉందేంటి? ఇదేం గడ్డమండీ, ఇంకా ఉంది. రెండోసారి వేయండి."

"రెండోసారి వేయకూడదండీ. ఆయన చర్మానికి పడదు. డాక్టర్ గారు కూడా చెప్పారు."

"పెళ్లి డాక్టర్ చేసుకుంటున్నాడా?"

"అత్తా, చాలులే" అన్నారు పెళ్లికొడుకు.

"నువ్వూరుకో. పెళ్లికొడుకువి, నువ్వు మాట్లాడకూడదు."

ఓనర్ గారు ముందుకొచ్చారు. "మాస్టర్, ఎదురు కూడా వేసెయ్. పెళ్లివారు అడుగుతుంటే మనకేంటి?"

"సార్, వద్దు. ఆ ముద్ద చూడండి, ఇంకోటి లేస్తే జన్మంతా పోదు" అన్నాను నేను.

"ఇక్కడ ఓనర్ ఎవరమ్మా? నీకు ఇష్టం లేకపోతే ఇంటికెళ్లొచ్చు."

అద్దంలో పెళ్లికొడుకు నన్నే చూస్తున్నారు. ఆ మనిషి మొదటి రోజు అడిగిన మాట నాకు గుర్తొచ్చింది. నేను కుర్చీకీ మాస్టర్‌కీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. చేతిలో బ్రష్ తప్ప ఏమీ లేదు.

"నురగ పెట్టండి మేడమ్" అన్నారు మాస్టర్.

"మీరే కదా ఎదురు ముట్టనన్నారు?"

"పెట్టండి. మందంగా పెట్టండి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను కదల్లేదు. ఆయనే నా చేతిలోంచి బ్రష్ లాక్కుని, తెల్లగా ముఖమంతా కనపడకుండా నురగ పులిమారు. పక్కకు తిరిగి బ్లేడు మార్చుకున్నారు. "అమ్మా, కొంచెం వెనక్కి జరగండి, ఎదురు కత్తి వేసేటప్పుడు నీడ పడకూడదు" అని మేనత్త గారిని రెండడుగులు జరిపి, కత్తి ఎత్తారు.

కింది నుంచి పైకి ఒక గీత. ఇంకో గీత. పెద్ద పెద్ద గీతలు, చెయ్యి గాలిలో తిప్పుతూ, ఎప్పుడూ లేని ఆర్భాటం. బావలు సెల్‌ఫోన్లలో వీడియో తీస్తున్నారు. నేను చూడలేక తల దించుకున్నాను. తల దించుకున్నందువల్ల వినపడింది. అంటే, వినపడలేదు. ఆ గరగర లేదు. నురగ జారుతున్న మెత్తటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అయ్యాక చల్లటి తువ్వాలు అద్ది, రెండు చుక్కల నూనె రాసి, మేనత్త గారి చెయ్యి పట్టుకుని పెళ్లికొడుకు చెంప మీద పెట్టారు మాస్టర్. పై నుంచి కిందికి నిమిరించారు.

"ఇప్పుడు చూడండమ్మా."

"అబ్బబ్బ! వెన్న! ఇదీ గడ్డం గీయడమంటే!" ఆవిడ మళ్లీ మళ్లీ నిమిరారు, పై నుంచి కిందికే. తర్వాత నా వైపు తిరిగారు. "చూశావా అమ్మాయ్? వద్దు వద్దన్నావు. పెద్దాయన దగ్గర నేర్చుకో."

మాస్టర్‌కు కొత్త పంచెల చాపు పెట్టారు. నాకు ఒక అరటిపండు ఇచ్చారు.

వాళ్లు వెళ్లాక, ఎప్పటిలాగే మాస్టర్ కత్తిని నా ముందుకు చాపారు. బ్లేడు తీయబోయాను. అందులో బ్లేడు లేదు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన పంచె మడతలు చూసుకుంటున్నారు.

"రెండు వారాల నుంచి నేను మొత్తుకుంటున్నాను" అన్నాను. "నిజం చెప్పి, సైన్సు చెప్పి, కాళ్లా వేళ్లా పడి. మీరు ఉత్తి కత్తి తిప్పి పంచె పట్టుకున్నారు."

"వాళ్లు రెండోసారి కావాలన్నారు. రెండోసారి వేశాను. అందులో బ్లేడు ఉండాలని అడిగారా?"

"అబద్ధం కాదా అది?"

"మీరు నిజమే చెప్పారుగా మేడమ్. ఎవరన్నా విన్నారా?" పంచె చంకలో పెట్టుకుని, "అరటిపండు తింటారా, నాకిచ్చేస్తారా?" అన్నారు.

కోపం ఎన్నాళ్లో ఉంది నాకు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీకు చెప్పాలనుకున్నది కూడా అదే. మీరు ఈ పని బాగా నేర్చుకోండి. నానబెట్టడం, ఆగడం, వాలు చూసుకోవడం, ఇవి లేకపోతే మాస్టర్ ఉత్తి కత్తికి కూడా విలువ లేదు. మొదటి కత్తికే ఆ గడ్డం అంత శుభ్రంగా, ఒక్క గాటు లేకుండా వచ్చింది కాబట్టే రెండోదాని నాటకం నడిచింది. కానీ మెచ్చుకునేవాళ్లు నాటకాన్నే మెచ్చుకుంటారు. మీ పేరు ఎవరూ అనరు. ముందే తెలిసి ఉంటే నాలాగా లోలోపల ఉడికిపోరు.

ఓనర్ గారైతే ఆ వీడియో చూసి మురిసిపోయి, ఇకపై ప్రతి పెళ్లికొడుక్కీ ఎదురు కత్తి తప్పనిసరి అన్నారు. "అలాగే సార్" అన్నారు మాస్టర్, చాలా వినయంగా. ఎవరి చర్మం తట్టుకోదో ఆ తర్వాత నేను ముందే చూసి, బ్రష్‌ను గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టేదాన్ని. ఆయన పక్కకు తిరిగి బ్లేడు "మార్చుకునే"వారు. దాని గురించి మేము ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

వానలు మొదలయ్యాక ఆ పెళ్లికొడుకు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. గడ్డం మళ్లీ పెరిగింది. పాయ తీసి చూపించారు. ఆ పాత చింతగింజ ఒక్కటే.

"ఒక్కటీ లేవలేదండి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "రెండోసారి కత్తి చల్లగా తగిలింది గానీ తెగలేదండి. అక్కడ నవ్వు ఆపుకోలేక చచ్చాను" అన్నారు. ఆ అమ్మాయి ఆయన గడ్డం చివర పట్టుకుని చిన్నగా లాగి, "ఇంక దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వనండి" అంది.

ఆ తర్వాత నాకు పెళ్లయింది. కడుపుతో ఉన్నప్పుడు గంటల తరబడి నిలబడలేక ఉద్యోగం మానేశాను. ఇప్పుడు గుణదలలో ఉంటున్నాం. మాస్టర్ కొండపల్లిలో సొంత షాపు పెట్టుకున్నారని విన్నాను.

ఈ సాయంత్రం పాప నెత్తిని మా అత్తయ్య గారు నిమురుతూ, "రెండుసార్లు" అని మళ్లీ గుర్తు చేశాక, మేడ మీదకు వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. ఎన్నాళ్లయిందో మాట్లాడి. గొంతు గుర్తుపట్టి, "ఏం మేడమ్, పప్పు నానబెట్టారా?" అన్నారు.

విషయం చెప్పాను. పాప చర్మం ఎంత పలచనో, చిన్న సబ్బుకే ఎలా కందుతుందో, నడినెత్తి ఇంకా ఎలా కొట్టుకుంటుందో, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. రెండోసారి గీయకపోతే ఇంట్లో ఒప్పుకోరని, నేను చెబితే ఎవరూ వినడం లేదని కూడా చెప్పాను.

"నేనొస్తా" అన్నారు. "పాప తలను మీరే నానబెట్టండి, మీ చేత్తోనే. మొదటిసారి గీసేటప్పుడు ఎవరూ దగ్గరకు రాకుండా చూసుకోండి."

"మరి రెండోసారి?"

"రెండోసారికి మీ అత్తగారికి ముందు వరసలో కుర్చీ వేయించండి మేడమ్."